మెట్టు కూడా వెలివేతే!

పోయిన నెల మా వాడలో ఒక పిల్ల పీజీ సీటుకు ఆప్షన్లు పెట్టాల్సి వచ్చింది. ఎంట్రెన్సు రాసింది, మంచి ర్యాంకు తెచ్చుకుంది. మాదిగోళ్ల పిల్ల. తండ్రి లేడు. తల్లి మిరపకోతలకూ పత్తితీతలకూ పోయే కూలి. పన్నెండేళ్లప్పుడు సెలవుల్లో ఆ పిల్ల కూడా తల్లి వెంట కోతకు పోయింది. మనుషుల్ని బస్తాల్లాగా కుక్కిన ట్రాక్టరు ట్రక్కు కాలవగట్టు మీద తిరగబడింది. వెన్నుపూస విరిగింది. నడుం కింద స్పర్శ లేదు. అప్పట్నుంచీ చక్రాల కుర్చీయే కాళ్లు.

"ఏ యూనివర్సిటీ పెట్టుకోవాలో చెప్పండన్నా" అని మా సంఘం ఆఫీసుకు కబురు పంపింది. తను రాలేదు. ఎందుకు రాలేదో చివర్లో చెబుతాం. అది మా సిగ్గు.

మిగతా పిల్లలు ఆప్షన్లు పెట్టేటప్పుడు ఏం చూస్తారు? కోర్సు ఉందా, ఫీజెంత, హాస్టలుందా, స్కాలర్‌షిప్పు వస్తుందా, సీనియర్లు ఎవరన్నా మనోళ్లున్నారా అని చూస్తారు. ఇవన్నీ వెబ్‌సైట్లో ఉంటాయి, లేకపోతే సీనియర్ల నోట్లో ఉంటాయి. ఆ పిల్ల అడిగిన దానికి మాత్రం జవాబు ఏ కాగితంలోనూ దొరకలేదు. ఆమె అడిగింది ఒకటే: "అన్నా, ఏ యూనివర్సిటీలో నేను ఎవర్నీ బతిమాలకుండా బాత్రూంకి పోయిరాగలను?"

మేం పాతికేళ్లుగా పిల్లల్ని యూనివర్సిటీలకు పంపుతున్నాం. ఆ ప్రశ్న మాకెప్పుడూ తట్టలేదు. అందుకే సొంతంగా పోయి చూసొద్దామని బయల్దేరాం. ఆ పిల్ల, తల్లి, సంఘం తరఫున ఇద్దరం, టేపు పట్టుకుని మా వాడ తాపీమేస్త్రి బాబాయి. రెండు రోజుల్లో మూడు క్యాంపసులు తిరిగాం. పేర్లు ఇక్కడ రాయడం లేదు. మూడు పేర్లు రాస్తే మిగతావన్నీ మంచివనుకుంటారు.

మేం చూసింది

మొదటిచోట ర్యాంపు ఉంది. రంగు వేశారు, పక్కన చక్రాల కుర్చీ బొమ్మ కూడా గీశారు. బాబాయి టేపు పెట్టి కొలిచాడు. అరుగు ఎత్తు 3 అడుగులు. ర్యాంపు పొడవు 9 అడుగులు. సర్కారు నిబంధన ఏమంటుంది? 1 అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవుండాలి. అంటే 3 అడుగుల ఎత్తుకు 36 అడుగులు. "ఇది ర్యాంపు కాదు, లారీలోంచి బస్తాలు దించే బల్ల" అన్నాడు బాబాయి. ఆ పిల్ల దాని మీద ఎక్కబోతే కుర్చీ వెనక్కి లేచింది. తల్లి పట్టుకోకపోతే తల పగిలేది. ఆ బొమ్మ గీయడానికి బిల్లు పెట్టుకున్నారు, బిల్లు పాసైంది. ఆ ర్యాంపు కట్టింది బిల్లు కోసం, మనిషి కోసం కాదు.

రెండోచోట లిఫ్టు ఉంది. తాళం వేసి ఉంది. తాళం ఎవరి దగ్గరుందంటే ఆఫీసులో ఉందన్నారు. ఆఫీసులో అడిగితే ఆ సారు సెలవన్నారు. పైఅంతస్తులో డిపార్టుమెంటు. ఆమె చదవాలనుకున్న కోర్సు అక్కడే ఉంది. క్లర్కు మంచిగానే మాట్లాడాడు: "దానికేముందమ్మా, మగపిల్లలున్నారు, కుర్చీతో సహా ఎత్తుకొని పైకి తీసుకుపోతారు. మా పిల్లలు మంచోళ్లు." తల్లి చేతులు జోడించింది. ఆ పిల్ల తల దించుకుంది.

మూడోచోట 'వికలాంగుల మరుగుదొడ్డి' అని బోర్డు ఉంది. దానికీ తాళమే. తాళంచెవి ఊడ్చే అక్క దగ్గరుంది. తీసి చూపించింది. లోపల విరిగిన బెంచీలు, చీపుర్లు, ఫినాయిలు డబ్బాలు, పోయిన ఏడాది ఏదో సభకు కట్టిన ఫ్లెక్సీలు. "నేనొచ్చిన కాణ్ణుంచీ ఇది సామాన్ల గదేనయ్యా" అంది. ఏ ఊరమ్మా అని అడిగితే మా పక్క మండలం మాదిగవాడ. ఆ క్యాంపసులో దొడ్లన్నీ కడిగేది మనవాళ్లు. మన పిల్ల కూర్చోడానికి ఒక్క దొడ్డి లేదు.

ఇది రాయొచ్చా అని ఆ పిల్లను అడిగాం. రాయమంది. వెన్నుపూస దెబ్బతిన్నవాళ్లకు మూత్రం వచ్చేదీ తెలియదు, ఆపుకోవడమూ చేతకాదు. నాలుగైదు గంటలకోసారి శుభ్రమైన చోట కూర్చుని గొట్టం పెట్టుకుని తీసేసుకోవాలి. లేకపోతే మూత్రపిండాలు చెడతాయి. స్పర్శ లేని ఒంటికి పుండు పడినా తెలియదు, ముదిరితే ప్రాణం తీస్తుంది. డిగ్రీ మూడేళ్లూ ఆ పిల్ల పొద్దున ఏడింటి నుంచి సాయంత్రం దాకా మంచినీళ్లు ముట్టకుండా కాలేజీకి పోయింది. రెండుసార్లు జ్వరంతో ఆసుపత్రిలో పడింది. రికార్డుల్లో అవి 'గైరుహాజరు' దినాలు.

ఎత్తుకుపోతారట!

ఎత్తుకొని తీసుకుపోతారులే అన్న మాట దగ్గర మనం కాసేపు ఆగాలి. అందులోనే అంతా ఉంది.

మన తాతలు ఊళ్లోకి పోతే నీళ్లెట్లా తాగారు? కింద కూర్చుని దోసిలి పడితే పైనుంచి పోసేవాళ్లు. దాహం తీరేది. కాని కుండ ముట్టడానికి వీల్లేదు. పోసేవాడికి తీరికుంటే నీళ్లు, లేకపోతే లేవు. బాబాసాహెబ్ సతారాలో బడికి పోయే రోజుల్లో కుళాయి తాను తిప్పకూడదు, ప్యూను వచ్చి తిప్పాలి. ప్యూను రాని రోజు నీళ్లు లేవు. ఆ సంగతి ఆయనే రాసుకున్నాడు.

మరి ఇప్పుడు? తాళంచెవి సారు రాకపోతే లిఫ్టు లేదు. ఎత్తే పిల్లలు రాకపోతే క్లాసు లేదు. పరీక్ష రోజున వాళ్ల పరీక్ష వాళ్లు చూసుకుంటారు, ఎవరెత్తుతారు? ఎత్తేవాడి చెయ్యి ఎక్కడ పడుతుందో, ఏ ఆడపిల్లైనా నోరు తెరిచి అడగగలదా? అడిగితే, "సాయం చేస్తే తప్పు పడుతోంది" అంటారు. దయ మీద నడిచే చదువుకు నోరుండదు. నీళ్లు తాగడం హక్కు కాదు, దోసిట్లో పోస్తే తాగాలన్నారు. క్లాసుకు పోవడం హక్కు కాదు, ఎత్తుకుంటే పోవాలంటున్నారు. రెండిటి వెనకా ఉన్న బుద్ధి ఒకటే. అందుకే మేం అంటున్నాం: మెట్టు కూడా వెలివేతే!

ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. మెట్టూ అంటరానితనమూ అచ్చంగా ఒకటి కావు. రెడ్డిగారి కొడుక్కి కాళ్లు లేకపోయినా ఆ మెట్టు అడ్డమే. మెట్టు కులం అడగదు. కాని మెట్టు దగ్గరికి వచ్చేసరికి ఎవరి దగ్గర ఏముందో చూడండి. అతనికి కారు ఉంది, డ్రైవరుంది, విదేశాల నుంచి తెప్పించిన కరెంటు కుర్చీ ఉంది, వీసీకి ఫోను చేయగల మేనమామ ఉన్నాడు. చివరికి ఎత్తుకోవాల్సి వస్తే ఎత్తుకోడానికి మన వాడ మనిషే ఉన్నాడు. మన పిల్లకు కూలి మానుకుని వచ్చే తల్లి ఉంది. తల్లి రోజూ వెంట పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

అసలు కాళ్లు పోవడంలోనే కులం ఉంది. ట్రక్కుల్లో కుక్కి తీసుకుపోయేది ఎవర్ని? కట్టుబడి గోడల మీంచి పడేదెవరు? డ్రైనేజీలో దిగేదెవరు? 2011 జనాభా లెక్కల్లో దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షల మంది. అందులో 1 కోటీ 86 లక్షల మంది పల్లెల్లోనే ఉన్నారు. షెడ్యూల్డు కులాల్లో వికలాంగులు 2.45 శాతం. ఎస్సీ, ఎస్టీలు కాని మిగతావాళ్లలో 2.18 శాతం. సర్కారు లెక్కే ఇట్లా చెబుతుంటే, వాడల్లో లెక్కకే రాని వాళ్ల సంగతేంది? మనం తిరిగే ప్రతి వాడలో మంచం మీద ఒక పిల్లో పిల్లాడో ఉన్నారు. కరపత్రం ఇచ్చి వస్తున్నాం. ఆ మంచం వైపు చూడటం లేదు.

చట్టం ఏమంటోంది?

చట్టం లేదని ఎవడన్నా అంటే నమ్మొద్దు. 1995లో ఒక చట్టం వచ్చింది. దాని స్థానంలో 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలైంది. అందులో ఏముందో మనవాళ్లు గుర్తుపెట్టుకోవాలి.

32వ సెక్షను: సర్కారు, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 40 శాతం, ఆపైన వైకల్యమున్నవాళ్లకు 5 శాతానికి తగ్గకుండా సీట్లివ్వాలి. వయసులో 5 ఏళ్ల సడలింపు ఇవ్వాలి. 16వ సెక్షను: సర్కారు డబ్బు తీసుకునేదైనా, సర్కారు గుర్తింపు మాత్రమే ఉన్నదైనా, ప్రతి విద్యాసంస్థలో భవనం, ఆవరణ, సౌకర్యాలు అందుబాటులో ఉండాలి. అంటే ప్రైవేటోడు కూడా తప్పించుకోలేడు. 44వ సెక్షను: నిబంధన ప్రకారం లేని భవనం ప్లానుకు అనుమతే ఇవ్వకూడదు. 45వ సెక్షను: పాత ప్రభుత్వ భవనాలన్నిటినీ రూల్సు వచ్చిన అయిదేళ్లలో సరిచేయాలి. రూల్సు 2017 జూన్‌లో వచ్చాయి. గడువు 2022 జూన్‌తో అయిపోయింది. మేం చూసిన ఆ మూడు క్యాంపసులూ ఆ గడువు దాటినవే.

2017 డిసెంబర్ 15న సుప్రీంకోర్టు రెండు కేసుల్లో ఇదే చెప్పింది: 5 శాతం సీట్లు నింపండి, భవనాలు సరిచేయండి అని. 2024 నవంబర్ 8న మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఆ కేసులో దేశంలో పరిస్థితి ఎట్లా ఉందో చూసి రిపోర్టు ఇచ్చింది మన హైదరాబాద్‌లోని నల్సార్ లా యూనివర్సిటీలో వికలాంగుల అధ్యయన కేంద్రం. పాటిస్తే పాటించండి అన్నట్టున్న సర్కారు రూలును కోర్టు కొట్టేసింది. తప్పనిసరిగా పాటించాల్సిన కనీస నిబంధనలు మూడు నెలల్లో వేరుగా తయారుచేయమని ఆదేశించింది. పాలకులకు ఇన్నిసార్లు చెప్పాల్సి వస్తోందంటే అది మతిమరుపు కాదు. 17వ అధికరణం 1950లోనే వచ్చింది, రెండు గ్లాసులు ఎప్పుడు పోయాయో మనకు తెలుసు.

కౌంటర్ల దగ్గర మరో మోసం నడుస్తుంది. "ఎస్సీలో పెట్టుకుంటావా, పీహెచ్‌లో పెట్టుకుంటావా? ఒకటే తేల్చుకో" అంటారు. తేల్చుకోనక్కర్లేదు. ఎస్సీ రిజర్వేషన్ నిలువు, వికలాంగుల రిజర్వేషన్ అడ్డం. అడ్డంది ప్రతి నిలువు గడిలోనూ పోతుంది. 1992 మండల్ కేసు తీర్పులోనే ఇది చెప్పారు. మన పిల్ల ఎస్సీ కూడా, వికలాంగురాలు కూడా. రెండు సర్టిఫికెట్లూ పెట్టాలి. అర్హత మార్కుల విషయంలో ఎస్సీ ఎస్టీలకిచ్చే సడలింపే వికలాంగులకూ ఇవ్వాలని 2020 జులైలో ఆర్యన్ రాజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇది తెలియక ఎంతమంది పిల్లలు కౌంటరు దగ్గర్నుంచి తిరిగొచ్చారో!

రాజ్యాంగం 15వ అధికరణంలో దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, రోడ్లు అందరివీ అని రాసుకున్నాం. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు చూసి ఆపకూడదన్నారు. ఆ వరసలో వైకల్యం లేదు. ఉన్న చట్టం కూడా ఒక్కో మనిషిని ఒక్కో ముక్కగానే చూస్తుంది. మన రాష్ట్రం నుంచే వెళ్లిన కేసులో, చూపులేని దళిత యువతి మీద జరిగిన అత్యాచారంపై 2021 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కులం, ఆడతనం, వైకల్యం మూడూ కలిసి పడే దెబ్బను విడదీసి చూడకూడదని చాలా పేజీలు రాసింది. జీవితఖైదు నిలబెట్టింది. కాని ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద పడిన శిక్షను మాత్రం సాక్ష్యం చాలదని తీసేసింది. పేజీల్లో మూడూ కలిశాయి, శిక్షలో విడిపోయాయి.

పేరు మార్చారు, మెట్టు మార్చలేదు

మనల్ని ఒకప్పుడు 'హరిజనులు' అన్నారు. దేవుడి బిడ్డలన్నారు, గుళ్లోకి మాత్రం రానివ్వలేదు. 2015 డిసెంబర్‌లో ప్రధానమంత్రి రేడియోలో మాట్లాడుతూ వికలాంగుల్ని 'దివ్యాంగులు' అనమన్నాడు. దివ్యమైన అంగాలట! మనం ఆ మందు రుచి ఎరుగుదుం. పైన దేవుడి పేరు, కింద అదే మెట్టు. బోర్డు మీద 'దివ్యాంగుల మరుగుదొడ్డి' అని మార్చి రాసినంత మాత్రాన లోపలి చీపుర్లు బయటికి రావు. మాకు దివ్యత్వం వద్దు. 36 అడుగుల ర్యాంపు కావాలి.

ఇంకొందరు పెద్దమనుషులు సలహా చెబుతారు: "ఇంత తిప్పలెందుకు? ఇంట్లో కూర్చుని ఓపెన్ యూనివర్సిటీలో చదువుకోవచ్చుగా?" ఓపెన్ యూనివర్సిటీని మేం తక్కువ చేయడం లేదు. 1982లో హైదరాబాద్‌లో మొదలై ఇప్పుడు అంబేద్కర్ పేరుతో ఉన్న ఆ యూనివర్సిటీ వల్లే కూలికి పోతూ చదువుకున్నవాళ్లు మన వాడల్లో ఉన్నారు. కాని ఎంచుకుని చదవడం వేరు, వేరే దారి లేదని కూర్చోబెట్టడం వేరు. బాబాసాహెబ్ బళ్లో కూర్చోడానికి ఇంటి దగ్గర్నుంచి గోనెపట్టా తెచ్చుకున్నాడు. ఆ గోనెపట్టాను ఇప్పుడు ఇంట్లోనే పరుచుకోమంటున్నారు. యూనివర్సిటీ అంటే పుస్తకం ఒక్కటేనా? లైబ్రరీ, హాస్టలు, రాత్రి పొద్దుపోయేదాకా వాదన, ఎన్నికలు, ధర్నా, స్నేహం. 1913లో బాబాసాహెబ్ కొలంబియాకు పోయింది పుస్తకాలు పోస్టులో దొరక్క కాదు.

"అంత పట్టుదలుంటే మెట్లు అడ్డమా? సాయిబాబా చదవలేదా?" అనేవాళ్లు కూడా ఉన్నారు. అమలాపురం పిల్లవాడు జి.ఎన్. సాయిబాబాకు అయిదేళ్లకే పోలియో వచ్చింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎం.ఏ. చదివాడు, ఢిల్లీలో ప్రొఫెసరయ్యాడు. 2014లో అరెస్టు చేశారు. చక్రాల కుర్చీ మనిషిని నాగపూర్ జైల్లో అండా సెల్లులో పెట్టారు. 2024 మార్చి 5న నిర్దోషి అని బొంబాయి హైకోర్టు వదిలింది. అదే ఏడాది అక్టోబర్ 12న హైదరాబాద్‌లో చనిపోయాడు. ఒక్కడు ఇన్ని దాటి పోయాడని అందర్నీ అట్లాగే పొమ్మంటారా? "అంబేద్కర్ రిజర్వేషన్ లేకుండా చదవలేదా" అని మనల్ని అడిగే నోరే ఇది. ఒక్క మనిషి గోడ దూకితే గోడ మంచిదైపోదు.

ఇంకో సంగతి. మన పిల్లకు క్యాంపసు ఎంచుకోవడమంటే రెండు పరీక్షలు. గుమ్మం ఎంత వెడల్పుందో చూడాలి, గుమ్మం లోపలి మనుషులెట్లాంటివాళ్లో కూడా చూడాలి. హైదరాబాద్‌లో అయిదుగురు దళిత విద్యార్థుల్ని హాస్టలు నుంచి వెళ్లగొడితే, వాళ్లలో ఒకడైన రోహిత్ వేముల 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్నాడు. ఆ అయిదుగురూ నడవగలిగినవాళ్లే. ర్యాంపు ఉన్నంత మాత్రాన క్యాంపసు మనదైపోదు. ర్యాంపు లేకపోతే ఆ కొట్లాట దాకా కూడా పోలేం.

మనకంటే ముందు కొట్లాడినోళ్లు

ఇది ఎక్కడా జరగని పని కాదు. అమెరికాలో ఎడ్ రాబర్ట్స్ అని ఒకాయన. పద్నాలుగేళ్లకు పోలియో వచ్చి మెడ కింద కదలిక పోయింది. రాత్రిళ్లు ఊపిరి యంత్రంలో పడుకోవాలి. 1962లో కాలిఫోర్నియాలో బర్క్‌లీ యూనివర్సిటీకి పోయాడు. ఆ యంత్రం పట్టే హాస్టలు లేదన్నారు. క్యాంపసు ఆసుపత్రిలో ఒక గది ఇప్పించుకున్నాడు. ఆయన వెనక ఇంకొందరు చేరారు. వాళ్లంతా ఒక జట్టు అయ్యారు. రోడ్ల అంచుల్లో వాలు పెట్టించారు, 1972లో సొంత కేంద్రం పెట్టుకున్నారు. అంటే వాళ్లు అందుబాటులో ఉన్న యూనివర్సిటీని ఎంచుకోలేదు. ఎంచుకున్న యూనివర్సిటీని అందుబాటులోకి తెచ్చారు.

1973లో అక్కడ చట్టమొచ్చింది: కేంద్ర ప్రభుత్వ డబ్బు తీసుకునే ఏ సంస్థా వికలాంగుల పట్ల వివక్ష చూపకూడదని. నాలుగేళ్లు రూల్సు మీద సంతకం పెట్టలేదు. 1977 ఏప్రిల్ 5న వందమందికి పైగా వికలాంగులు శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రభుత్వ భవనంలోకి పోయి కూర్చున్నారు. మూడు వారాలకు పైగా కదల్లేదు. వాళ్లకు రోజూ వేడి అన్నం పెట్టిందెవరో తెలుసా? బ్లాక్ పాంథర్లు! బ్రాడ్ లోమాక్స్ అనే బ్లాక్ పాంథర్ చక్రాల కుర్చీలో వాళ్లతోనే కూర్చున్నాడు. ఏప్రిల్ 28న మంత్రి సంతకం పెట్టాడు.

1972లో బొంబాయిలో మన దళిత పాంథర్లు పేరు తీసుకున్నది ఆ పాంథర్ల దగ్గర్నుంచే. పేరు తీసుకున్నాం. ఆ అన్నం సంగతి మరిచిపోయాం.

మా తప్పు

ఇప్పుడు మా సిగ్గు చెప్పుకుంటాం. ఆ పిల్ల ఆఫీసుకు ఎందుకు రాలేదంటే, మా సంఘం ఆఫీసు మేడ మీదుంది. పద్దెనిమిది మెట్లు, సన్నని మెట్లదారి. అద్దె తక్కువని తీసుకున్నాం. ఏప్రిల్ 14 సభ పెట్టే హాలు కూడా మేడ మీదే. ఇన్నేళ్లుగా ఆ పిల్ల జయంతి సభకు ఎందుకు రావడం లేదని మాలో ఒక్కరూ అడగలేదు. కిందే అరుగు మీద కూర్చుని మైకులో మా ఉపన్యాసాలు విని ఇంటికి పోయేదట. మా ఉపన్యాసాల్లో సమానత్వం గురించి చాలా చెప్పాం.

1994లో ఈదుముడిలో పుట్టిన మాదిగ దండోరా నాయకుడు మంద కృష్ణే వికలాంగుల హక్కుల పోరాట సమితిని కూడా నడిపాడు, పెన్షన్ల కోసం వికలాంగుల్ని రోడ్డెక్కించాడు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వికలాంగుల పెన్షను 6,000 రూపాయలైంది. మంచానికీ కుర్చీకీ పరిమితమైనవాళ్లకు 15,000. అది పోరాడి తెచ్చుకున్న అన్నం. కాని మనవాళ్లే ఇప్పుడు ఆ పిల్ల తల్లితో "పెన్షనొస్తోందిగా, ఇంకా చదువెందుకు" అంటున్నారు. పెన్షను ఇంట్లో బతకనిస్తుంది. ఇల్లు దాటించేది చదువే. ఒకటి వచ్చిందని రెండోది వదులుకోమనడం, ఇళ్లస్థలం ఇచ్చాం కదా భూమి ఎందుకన్నట్టుంది.

ఏం చేయాలి?

ప్రతి మండలంలో మన కార్యకర్తలు అడ్మిషన్లకు ముందే టేపు పట్టుకుని దగ్గర్లోని కాలేజీలు, యూనివర్సిటీలు కొలవాలి. చూడాల్సినవి ఇవి:

1. గేటు నుంచి క్లాసు దాకా, క్లాసు నుంచి హాస్టలు, మెస్సు, లైబ్రరీ దాకా కుర్చీ దానంతటది పోతుందా? ఒక్క మెట్టున్నా రాసుకోండి.
2. ర్యాంపు అడుగు ఎత్తుకు 12 అడుగులుందా? పక్కన పట్టుకునే కమ్మీ ఉందా?
3. గుమ్మం 900 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 3 అడుగుల వెడల్పుందా?
4. మరుగుదొడ్డి తాళం లేకుండా ఉందా? లోపల కుర్చీ తిరగడానికి 5 అడుగుల జాగా, పట్టుకోడానికి కమ్మీలు, నీళ్లు ఉన్నాయా?
5. లిఫ్టు ఎవరైనా వాడొచ్చా? కరెంటు పోతే ఏం చేస్తారు?
6. ఆడపిల్లల హాస్టల్లో కింది అంతస్తులో గది ఇస్తారా? తోడు మనిషిని ఉండనిస్తారా?
7. క్లాసునూ పరీక్షనూ కిందికి మార్చమని రాసిస్తే మారుస్తారా? నోటిమాట వద్దు, కాగితం మీద తీసుకోండి.

చివరిది అన్నిటికంటే ముఖ్యం. లిఫ్టు కట్టడానికి ఏళ్లు పట్టొచ్చు. క్లాసును పైనుంచి కిందికి దించడానికి ఒక్క ఆర్డరు చాలు. అది డబ్బు సమస్య కాదు, మనసు సమస్య.

చూసినదాన్ని 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి వాళ్ల చేతే రాయించండి. తెల్లకార్డు ఉన్నవాళ్లకు ఆ ఫీజు కూడా లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. జవాబు పట్టుకుని రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయండి. చట్టాన్ని ఉల్లంఘిస్తే 89వ సెక్షను కింద మొదటిసారి 10,000 రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50,000 నుంచి 5 లక్షల దాకా జరిమానా ఉంది. నలుగురిలో కావాలని అవమానిస్తే 92వ సెక్షను కింద ఆరు నెలల నుంచి అయిదేళ్ల జైలు. కులం పేరు కూడా తీస్తే అట్రాసిటీ చట్టం వేరుగా ఉంది. రెండూ పెట్టండి. ఒకటే పెట్టమని ఎస్సై అంటే ఒప్పుకోవద్దు.

ఇక మన సంగతి. మా ఆఫీసు మేడ దించుతున్నాం. రేకుల షెడ్డయినా సరే, నేల మీద ఉంటుంది. ఈ పత్రిక చదివే ప్రతి సంఘమూ తన మీటింగు ఎక్కడ పెడుతోందో ఒకసారి చూసుకోవాలి.

ఆ పిల్ల ఆప్షన్లు పెట్టేసింది. మేం తక్కువ మెట్లున్న క్యాంపసు ముందు పెట్టమన్నాం. ఆమె వినలేదు. తాను చదవాలనుకున్న కోర్సు ఉన్నదాన్నే, ఆ తాళం వేసిన లిఫ్టున్నదాన్నే మొదట పెట్టింది. "మెట్లున్నాయని నేనెందుకు మానుకోవాలన్నా? ఆ మెట్లు పెట్టింది నేను కాదుగా" అంది. అంతకంటే పెద్ద ఉపన్యాసం మేం ఈ మధ్య వినలేదు. సీటు అక్కడే వచ్చింది. క్లాసులు కిందికి మార్చాలని, దొడ్డి తాళం తీయాలని, కింది అంతస్తులో గది ఇవ్వాలని అర్జీ ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకున్నాం. జవాబు ఇంకా రాలేదు. క్లాసులు మొదలయ్యే రోజు ఆమె వెంట మేమూ పోతున్నాం.

వీలైనవాళ్లు రండి. ఆ పిల్లను ఎత్తుకోడానికి మాత్రం ఎవరూ రావద్దు. క్లాసును కిందికి దింపడానికి రండి.

జై భీం!